నల్ల బీర్ల టేస్టింగ్: మార్కులు మొదటి గుక్కకా, ఖాళీ అయిన గ్లాసుకా?

కాజా_కాకినాడ (నేపర్‌విల్, షికాగో దగ్గర) · నవంబర్ 30

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మా ఇంట్లో చిన్న బ్లైండ్ టేస్టింగ్ పెట్టాం. ఆరుగురం, ఐదు రకాలు, అన్నీ నల్లవే, అన్నీ ఘాటువే. మా ఆవిడ సీసాలకు ఫాయిల్ చుట్టి నంబర్లు రాసింది. తను తాగదు కాబట్టి ఏది ఏదో తనొక్కదానికే తెలుసు. ఆల్కహాల్ తక్కువున్న దాంతో మొదలుపెట్టి ఎక్కువున్న దానికి వెళ్లాం. మనిషికి రెండేసి ఔన్సులు, అంటే మన లెక్కలో ఒక పెగ్గు.

మార్కులు పాత రేట్‌బీర్ (జనం బీర్లకు మార్కులేసే సైటు) పద్ధతిలో వేశాం. వాసనకు 10, చూపుకు 5, రుచికి 10, నోట్లో చిక్కదనానికి 5, మొత్తమ్మీద ఎలా ఉందో దానికి 20. అన్నీ కూడి పదితో భాగిస్తే ఐదుకు వస్తుంది. నావి ఇవి (స్టౌట్, పోర్టర్ అనేవి నల్ల బీరు రకాలు, శాతం ఆల్కహాల్‌ది):

లయన్ స్టౌట్, శ్రీలంక, 8.8%. మాడ్చిన చక్కెర వాసన, కొంచెం కిస్మిస్. నురగ ముదురు గోధుమ రంగు. తీపి ముందు తగిలి చేదు వెనకాల వస్తుంది. 7+4+7+4+14, అంటే 3.6.

ఓల్డ్ రాస్‌పుటిన్, కాలిఫోర్నియా, 9%. డికాక్షన్ గిన్నె మూత తీసినట్టు గుప్పుమంది. చేదు గట్టిగానే ఉంది, అందులో హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) వాటా కూడా ఉంది. 8+4+8+4+16, 4.0.

జివ్యెట్స్ పోర్టర్, పోలండ్, 9.5%. మాడు వాసన దాదాపు లేదు. ఖర్జూరం, కారమెల్, బాగా నునుపు. 7+4+8+4+15, 3.8.

రోష్‌ఫోర్ 10, బెల్జియం, 11.3%. పూర్తి నలుపు కాదు, చింతపండు రసం చిక్కబడితే వచ్చే రంగు. ఎండు అంజీర, లవంగం, రొట్టె పైపొర. ఇంత ఆల్కహాల్ ఉండి కూడా నోట్లో బరువనిపించదు. 9+4+9+4+18, 4.4.

బర్బన్ కౌంటీ స్టౌట్, షికాగో, 14% పైమాటే. వెనిల్లా, కొబ్బరి, కాలిన చెక్క, విస్కీ. గ్లాసు తిప్పితే అంచుకు నూనెలా పట్టుకుంటుంది. 10+4+8+5+15, 4.2.

ఇప్పుడు అసలు సంగతి. ఫాయిల్ విప్పకముందు అందరూ "వావ్" అన్నది ఆఖరి దానికి. నలుగురు దానికే టాప్ మార్కులేశారు. కానీ టేస్టింగ్ అయ్యాక మిగిలిన బీరు ఎవరిక్కావాల్సింది వాళ్లు పోసుకోండి అంటే ముందు ఖాళీ అయింది రోష్‌ఫోర్. బర్బన్ కౌంటీ సీసా అడుగున పావు వంతు అలాగే ఉండిపోయింది. మరి మార్కులు దేనికి వేసినట్టు? మీరెలా వేస్తారు?

కూలింగ్_లేదా (కూకట్‌పల్లి) · నవంబర్ 30

అన్నా, మా దగ్గర స్ట్రాంగ్ అంటే నాకౌట్, కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్. ఎనిమిది శాతం దాటకుండా ఉంటయి. మీరు 14 అంటున్నరు, అది బీరా, వైనా? ఇంకోటి, వైన్స్‌కు పోతే మేం అడిగే మొదటి మాటే కూలింగ్ ఉందా అని. ఈ ఫోరంల చాలామంది ఫ్రిజ్‌లకెంచి తీసి అరగంట బయట పెట్టి తాగాలంటరు. ఎందుకు? నల్లగుంటే కిక్కు ఎక్కువనా?

రవళి_హోమ్‌బ్రూ (పోర్ట్‌లాండ్) · నవంబర్ 30

రంగుకూ కిక్కుకూ సంబంధం లేదండీ. పబ్బులో పోసే గిన్నిస్ డ్రాఫ్ట్ నల్లగా ఉంటుంది, ఆల్కహాల్ 4.2% మాత్రమే. డువెల్ బంగారు రంగులో మెరుస్తూ ఉంటుంది, అది 8.5%.

కిక్కు వచ్చేది మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఎంత పోశాం, అందులోంచి ఎంత చక్కెర దిగింది, ఈస్ట్ అందులో ఎంత తిన్నది అనే లెక్క నుంచి. నలుపు వచ్చేది కొద్దిపాటి మాడ్చిన గింజల నుంచి. స్టౌట్‌లో పడే మొత్తం గింజల్లో బాగా వేయించిన బార్లీ పదో వంతు ఉంటే చాలు, లైటు పెట్టి చూసినా అవతల ఏమీ కనపడదు. 1817లో లండన్‌లో డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీ గింజలు వేయించినట్టు మాల్ట్‌ను డ్రమ్ములో వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచే పోర్టర్లూ స్టౌట్లూ ఇంత నల్లబడ్డాయి.

కాజా గారి రోష్‌ఫోర్ సంగతి వేరు. అందులో నలుపు ఎక్కువగా క్యాండీ చక్కెర పాకానిది. అందుకే దాంట్లో కాఫీ వాసన రాదు, ఎండు పళ్ల వాసన వస్తుంది. మాడు చేదు కోసం వెతికితే దొరకదు.

కూలింగ్ గురించి: చల్లదనం ముక్కునూ నాలుకనూ మొద్దుబారుస్తుంది. మన స్ట్రాంగ్ లాగర్లలో మాల్ట్‌తో పాటు బియ్యమో చక్కెరో కూడా పడతాయి. కిక్కు ఉంటుంది కానీ దాన్ని కప్పడానికి కావలసినంత రుచి ఉండదు. అందుకని ఐసులా ఉంటేనే దిగుతుంది. ఇంపీరియల్ స్టౌట్‌ను (అంటే బాగా ఘాటైన స్టౌట్‌ను) 10 నుంచి 13 డిగ్రీల మధ్య తాగితే బాగుంటుంది. ఫ్రిజ్ 4 డిగ్రీల్లో ఉంటుంది కదా, ఆ అరగంట అందుకే.

పెద్దన్న_డాలస్ · డిసెంబర్ 1

కాజా, నీ వరుసలోనే తిరకాసు ఉంది. నాలుగు ఘాటు బీర్లు దిగాక ఐదోది వస్తే దానికి మార్కులు మనం వెయ్యం, అప్పటికే లోపలికెళ్లిన ఆల్కహాల్ వేస్తుంది. పోనీ దాన్ని ముందు పెడదామంటే ఆ బర్బన్, వెనిల్లా నాలుక మీద తిష్ట వేసి వెనకొచ్చిన లయన్ స్టౌట్ నీళ్లలా అనిపిస్తుంది. ఐదు మరీ ఎక్కువ. మూడు చాలు.

మార్కుల గురించి. పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ షీటు చూడు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో పట్టుకు 5, మొత్తానికి 10. కలిపి యాభై. కానీ వాళ్లు చూసేది "నాకు నచ్చిందా" అని కాదు, "ఈ రకం ఎలా ఉండాలో అలా ఉందా" అని. రేటింగ్ సైట్లలో జనం వేసేది నచ్చినదానికి. ఈ రెండూ ఒకే కాగితం మీద వేస్తే నీకొచ్చిన గందరగోళమే వస్తుంది.

నేను రేట్‌బీర్‌లో ఏళ్ల తరబడి రాశాను. 2025 ఫిబ్రవరిలో అది మూతపడింది, పాపం. ఉన్నన్నాళ్లూ అక్కడ టాప్ లిస్టు తీస్తే సగానికి పైగా ఇంపీరియల్ స్టౌట్లే. మంచి పిల్స్‌నర్ (బంగారు రంగు తేలికపాటి బీరు) ఒక్కటి కనపడితే పండగే. అన్‌టాప్డ్ అనే రేటింగ్ యాప్‌లోనూ అదే కథ. ఎందుకంటే 60 ఎం.ఎల్. గ్లాసులో గెలిచేది గొంతు పెద్దగా ఉన్న బీరే. నెమ్మదిగా మాట్లాడే బీరుకు అక్కడ చోటు లేదు.

లీడ్స్_లచ్చన్న · డిసెంబర్ 1

పెద్దన్న చెప్పిన "రకం" మాట మీద నాదో ముక్క. ఇంపీరియల్ స్టౌట్ పుట్టిందే లండన్‌లో. సదర్క్‌లో ఉన్న యాంకర్ బ్రూవరీ నుంచి 18వ శతాబ్దంలో రష్యా రాజదర్బారుకు పీపాల్లో వెళ్లేది. తర్వాత ఆ బ్రూవరీ బార్‌క్లే పెర్కిన్స్ చేతికి, వాళ్ల నుంచి కరేజ్ కంపెనీకి వచ్చింది. కరేజ్ వాళ్లు 1993 వరకు కాచి ఆపేశారు.

మాకు దగ్గర్లో టాడ్‌కాస్టర్‌లో శామ్యూల్ స్మిత్ ఇంపీరియల్ స్టౌట్ దొరుకుతుంది. 7% మాత్రమే. అమెరికా నుంచి వచ్చిన మా కజిన్‌కి పోస్తే "ఇది ఇంపీరియలా, పల్చగా ఉంది" అన్నాడు. వాడి నాలుక 14 శాతాలకు అలవాటుపడిపోయింది. ఒక్క సీసా మొత్తం తాగి, భోజనం చేసి, మనిషిలా నడిచి ఇంటికెళ్లగలిగే బీరు పల్చన ఎలా అవుతుందో నాకర్థం కాదు.

జివ్యెట్స్‌కు మాడు వాసన లేదని కాజా మార్కులు కోసినట్టున్నాడు. అది బాల్టిక్ పోర్టర్ అన్నా. లండన్ పోర్టర్ బాల్టిక్ సముద్రం చుట్టుపక్కల జనానికి నచ్చింది, వాళ్లు సొంతంగా కాచడం మొదలుపెట్టారు. కాకపోతే ఎక్కువమంది లాగర్ ఈస్ట్ వాడి చలిలో నెమ్మదిగా పులియబెడతారు. అది నునుపుగా ఉండడమే దాని గొప్ప. స్టౌట్ పక్కన నిలబెట్టి స్టౌట్‌లా లేదంటే ఎలా?

తీపి_రాయుడు (టాంపా) · డిసెంబర్ 1

ఇక్కడందరూ తీపిని చిన్నచూపు చూస్తున్నారు కాబట్టి నేను రాయాల్సిందే. మా ఊళ్లో సిగార్ సిటీ వాళ్ల హునాపూ ఉంది, 11%. కోకో, వెనిల్లా, దాల్చినచెక్క, మిరపకాయలు వేస్తారు. మొదట చాక్లెట్, మింగాక గొంతులో సన్నగా కారం. ఇలాంటివి లోటా నిండా తాగడానికి చెయ్యరు బాబూ. నలుగురు చేరి తలా కొంచెం పంచుకోవడానికే చేస్తారు. మరి రెండు ఔన్సుల్లో అద్భుతంగా ఉందంటే అది దాని పని అది చేసినట్టే కదా? పూతరేకు ఒకటి తిని బాగుందంటాం. పది తినలేకపోయామని మార్కులు కోస్తామా?

అన్నట్టు ఇండియానాలో త్రీ ఫ్లాయిడ్స్ వాళ్ల డార్క్ లార్డ్‌లో ఏమేస్తారో చూశారా? కాఫీ, మెక్సికన్ వెనిల్లా, ఇండియన్ షుగర్ అట. 15%. ఆ ఇండియన్ షుగర్ మన బెల్లమే అయ్యుంటుందని నా గట్టి నమ్మకం.

రవళి_హోమ్‌బ్రూ · డిసెంబర్ 2

బెల్లం మాటెత్తారు కాబట్టి. నేను స్టౌట్‌లో అనకాపల్లి బెల్లం వేశాను. బెల్లం వేస్తే బీరు తియ్యగా అవుతుందని అందరూ అనుకుంటారు, జరిగేది దానికి పూర్తిగా రివర్స్. బెల్లంలో చక్కెరను ఈస్ట్ దాదాపు మొత్తం తినేస్తుంది. ఆల్కహాల్ పెరుగుతుంది, ఒళ్లు పల్చబడుతుంది. మిగిలేది రమ్ములాంటి ఒక వాసన, కాస్త ఉప్పదనం. బెల్జియం వాళ్లు క్యాండీ పాకం వేసేది కూడా ఇందుకే. 11% ఉన్నా రోష్‌ఫోర్ నోట్లో బరువనిపించలేదని కాజా గారు రాశారు చూడండి, రహస్యం అక్కడుంది.

తీపి కావాలంటే ఈస్ట్ తినలేని చక్కెర మిగలాలి. పేస్ట్రీ స్టౌట్లలో (మిఠాయిలా తియ్యగా ఉండేవి) లాక్టోజ్ అనే పాల చక్కెర వేసేది దానికే. పాలు పడనివాళ్లు లేబుల్ చూసుకోండి.

అరకు కాఫీ కూడా వేశాను. మరుగుతున్నప్పుడు వేస్తే చేదు, వగరు దిగుతాయి. పులిసిపోయాక కోల్డ్ బ్రూ చేసి కలిపితే వాసన నిలుస్తుంది. కానీ కాఫీ స్టౌట్లు దాచకండి. కొన్ని నెలలకే కాఫీ వాసన పోయి పచ్చి క్యాప్సికమ్ వాసన పైకొస్తుంది. టేస్టింగ్ షీట్లలో "గ్రీన్ పెప్పర్" అని కనపడితే అదే.

పెద్దన్న_డాలస్ · డిసెంబర్ 2

దాచడం గురించి ఇంకో మాట. ఘాటు బీరు ఎన్నేళ్లయినా ఉంటుందని అల్మరాలో పడేస్తారు. నాకొకాయన ఎనిమిదేళ్ల స్టౌట్ పోశాడు, పేరు చెప్పను. సోయా సాస్. అంటే అచ్చంగా నూడుల్స్ బండి దగ్గర వచ్చే వాసన. అడుగున ఈస్ట్ చచ్చి కరిగితే అలా అవుతుంది. గాలి తగిలితే మొదట తడిసిన అట్టపెట్టె వాసన, అదృష్టం బాగుంటే తర్వాత షెర్రీ వైన్ వాసన. షెర్రీకి మార్కులు వేస్తాను, అట్టపెట్టెకు వెయ్యను.

బర్బన్ విస్కీ పీపాలో పెట్టినవాటికి ఇంకో గండం ఉంది, పులుపు. బర్బన్ కౌంటీలోనే 2015 బ్యాచ్ కొంత పులిసింది. లాక్టోబాసిల్లస్ అని కంపెనీయే చెప్పి డబ్బులు వెనక్కిచ్చింది, ఆ తర్వాతి ఏడాది నుంచి పాశ్చరైజ్ చేస్తున్నారు. కాబట్టి ఏ ఏడాది సీసాయో రాయకుండా 4.2 అని రాస్తే ఆ అంకెతో ఎవరికీ పనిలేదు.

గెంట్_గౌతమి · డిసెంబర్ 3

బెల్జియం నుంచి హాజరు. మార్కుల పిచ్చి ఎంత దూరం పోతుందో చూడాలంటే వెస్ట్‌వ్లెటరెన్‌కు రండి. సెయింట్ సిక్స్టస్ మఠం, చుట్టూ పొలాలు. సన్యాసులు మఠం ఖర్చులకు సరిపడా కాస్తారు, అంతకు మించి కాయరు. వాళ్ల 12 నంబరు బీరు 10.2%. చాలా ఏళ్లు సీసాకు లేబులే లేదు, పసుపు మూత చూసి గుర్తుపట్టాలి. 2005లో రేటింగ్ లిస్టులో ప్రపంచంలోనే మొదటిదని వచ్చేసరికి ఊరి రోడ్డు కార్లతో నిండిపోయింది. తర్వాత ముందే ఫోన్ చేసి కారు నంబరు చెప్పి బుక్ చేసుకోవాల్సి వచ్చింది, 2019 నుంచి ఆన్‌లైన్‌లో పెట్టారు. మఠం రిపేర్లకు డబ్బు కావలసి ఒకసారి, 2012లో, అమెరికా షాపుల్లోకీ పంపారు. పెద్దన్న గారికి గుర్తుండే ఉంటుంది.

దగ్గర్లోనే వాటూ అనే ఊళ్లో సెయింట్ బెర్నార్డస్ ఉంది. 1946 నుంచి 1992 దాకా మఠం పేరు మీద లైసెన్సుతో వాళ్లే కాచి అమ్మారు. లైసెన్సు అయిపోయాక అదే దారిలో వాళ్ల ఆబ్ట్ 12 వచ్చింది, 10%. సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది, క్యూ లేదు, కారు నంబరు చెప్పక్కర్లేదు. మా ఇంట్లో రెండూ గ్లాసుల్లో పోసి ఇస్తే మా ఆయన ఆబ్ట్‌కే ఎక్కువ వేశాడు, సీసాలు చూశాక ముఖం మాడ్చుకున్నాడు. మార్కుల్లో సగం ఆ సీసా కోసం పడ్డ తిప్పలకే వేస్తాం.

కాజా_కాకినాడ · డిసెంబర్ 3

పెద్దన్నా, 2012లో నీకు దొరికిందా?

పెద్దన్న_డాలస్ · డిసెంబర్ 3

ఆరు సీసాలు, రెండు గ్లాసులు, ఎనభై అయిదు డాలర్లు. గ్లాసులు ఇంకా ఉన్నాయి. గౌతమి చెప్పింది కరెక్టే, ఆబ్ట్ 12 తాగుతూ మిగతా డబ్బులు మిగుల్చుకోవచ్చు.

కూలింగ్_లేదా · డిసెంబర్ 4

స్టఫ్ ఏం పెట్టుకుంటరు అన్నా? ఎవరూ చెప్తలేరు. మిర్చి బజ్జీ పనికొస్తదా?

లీడ్స్_లచ్చన్న · డిసెంబర్ 4

తమ్ముడూ, బజ్జీ వద్దు. ఆల్కహాల్ పెరిగేకొద్దీ కారం మంట రెట్టింపవుతుంది, పైన స్టౌట్ చేదు తోడైతే నోరు కొలిమి. మార్కులు వేసేటప్పుడు ఉప్పు లేని మరమరాలు, మంచినీళ్లు, అంతే. మార్కులు అయ్యాక అయితే క్వాడ్‌తో (రోష్‌ఫోర్ 10 లాంటి బెల్జియం ఘాటు బీరు) మటన్ వేపుడు, కారం తగ్గించి, మిరియాలు కొంచెం పెంచి. స్టౌట్‌తో ముదురు చీజ్. గోంగూర మాత్రం దేంతోనూ కలవలేదు నాకు. ఆ పులుపు బీరును చంపేస్తుంది, బీరు గోంగూరను చంపేస్తుంది.

మోడరేటర్ · డిసెంబర్ 4

మంచి చర్చ. ఒక్క లెక్క మాత్రం గుర్తుపెట్టుకోండి. 500 ఎం.ఎల్. సీసా, 14% అంటే సుమారు 55 గ్రాముల ఆల్కహాల్. అమెరికా లెక్కలో దాదాపు నాలుగు డ్రింకులు ఒక్క సీసాలో. "ఒక్క బీరే కదా" అని కారు తాళాలు తియ్యొద్దు.

కాజా_కాకినాడ · డిసెంబర్ 14

పెద్దన్న చెప్పినట్టు మళ్లీ పెట్టాం. ఈసారి మూడే: ఓల్డ్ రాస్‌పుటిన్, రోష్‌ఫోర్, బర్బన్ కౌంటీ. మనిషికి 120 ఎం.ఎల్. చొప్పున, ఒక్కోదానికి ముప్పావు గంట. ఎవరి వరుస వాళ్లకు వేరు, చీటీ తీసి పెట్టాం. మొదటి గుక్కకొకసారి, గ్లాసు అడుగుకొచ్చాక ఒకసారి మార్కులు. మొదటి కాగితం మా ఆవిడ లాగేసుకుంది, తిరిగి చూసుకోవడానికి లేకుండా. అందరూ క్యాబుల్లోనే ఇళ్లకు వెళ్లారు.

ఆరుగురి సగటు: రాస్‌పుటిన్ 4.0తో మొదలై 4.0 దగ్గరే ఆగింది. రోష్‌ఫోర్ 4.2 నుంచి 4.5కు ఎక్కింది. బర్బన్ కౌంటీ 4.5 నుంచి 4.0కు దిగింది.

రోష్‌ఫోర్‌ది కళ్లారా చూశాను. మొదటి పది నిమిషాలు మామూలుగా ఉంది. గ్లాసు చేతి వెచ్చదనానికి వచ్చాక లవంగం తగ్గి అంజీర, తర్వాత చాక్లెట్ లాంటిదేదో బయటపడింది. బర్బన్ కౌంటీ మొదటి వాసన ఇప్పటికీ ఆ రాత్రి మొత్తానికి గొప్పది, అది ఒప్పుకోవాల్సిందే. కానీ సగం గ్లాసయ్యాక వెనిల్లా తప్ప ఇంకేం తెలియలేదు, వేడెక్కాక విస్కీ ఘాటు పైకొచ్చింది. ఇక నుంచి రెండు అంకెలూ రాస్తాను. ఒకే అంకెతో కుదరదు.

తీపి_రాయుడు · డిసెంబర్ 14

పంచుకోవడానికి చేసిన బీరును నాలుగు ఔన్సులు బలవంతంగా తాగించి, ఆఖర్లో బోర్ కొట్టిందంటే నేనొప్పుకోను. ఆ 4.5 దాని అసలు మార్కు.

పెద్దన్న_డాలస్ · డిసెంబర్ 14

రాయుడూ, సగం లీటరు సీసాలో అమ్మేది వాళ్లే కదా. పంచుకునేదైతే చిన్న సీసాలో అమ్మమను.

రవళి_హోమ్‌బ్రూ · డిసెంబర్ 15

రాస్‌పుటిన్ కదలకుండా నిలబడింది చూశారా? ఆ లిస్టులో అందరికన్నా చవకైనది అదే అయ్యుంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కూలింగ్_లేదా · డిసెంబర్ 15

మా బావ సంక్రాంతికి షికాగోకెంచి వస్తున్నడు. ఏది తెమ్మనాలె?

కాజా_కాకినాడ · డిసెంబర్ 15

ఇండియాకు డ్యూటీ లేకుండా మందు ఏదైనా మనిషికి రెండు లీటర్లు. రోష్‌ఫోర్ 330 ఎం.ఎల్. సీసాలు ఆరైతే 1.98 లీటర్లు, కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. కానీ మొదటిసారి కదా, మూడు రోష్‌ఫోర్, రెండు రాస్‌పుటిన్ తెమ్మను. చెకిన్ బ్యాగులో, ఒక్కోటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జీన్స్ ప్యాంట్లలో చుట్టి. కాఫీ వేసినవి ఈసారికి వద్దు.

గెంట్_గౌతమి · డిసెంబర్ 15

వచ్చిన రోజే మూత తియ్యకండి. రోష్‌ఫోర్ అడుగున ఈస్ట్ ఉంటుంది, ప్రయాణంలో మొత్తం కలిసిపోతుంది. రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో నిలువుగా నిలబెట్టి ఉంచండి. పోసేటప్పుడు అడుగున ఒక అంగుళం సీసాలోనే వదిలెయ్యండి. తాగినా ఏమీ కాదు, రుచి కాస్త మట్టిగా ఉంటుంది. మార్కులు ఇక్కడే పెట్టండి, రెండు అంకెలూ.